గీత మీద ఏం రాశారు? బాణాల పటం గీయడం ఎలా

ఆరేళ్ల కిందట మా మండలంలో టీఎల్‌ఎం మేళా (పాఠం చెప్పడానికి టీచర్లు చేసే బోధనోపకరణాల ప్రదర్శన) పెడితే నేను గోదావరి మీద ఒక చార్టు చేసుకెళ్లాను. మధ్యలో నీలం గుండ్రం, చుట్టూ ఇరవై పైచిలుకు డబ్బాలు. ఉపనదులకి ఆకుపచ్చ, ఆనకట్టలకి ఎరుపు, పుణ్యక్షేత్రాలకి పసుపు, అంచుల చుట్టూ మెరుపు టేపు. రెండు రాత్రులు కూర్చుని చేశాను. మొదటి బహుమతి వచ్చింది, స్టీలు టిఫిన్ బాక్సు. మర్నాడు ఆ చార్టుని ఎనిమిదో తరగతి గోడకి తగిలించి, పిల్లలు మురిసిపోతారని చూస్తూ నిలబడ్డాను. మూడో బెంచీ పిల్ల ఒకతె లేచి దగ్గరికొచ్చి, ప్రాణహిత నుంచి గోదావరికి గీసిన గీత మీద వేలు పెట్టింది.

"మేడం, ఈ గీత ఏం చెబుతోంది?"

"ప్రాణహిత వచ్చి గోదావరిలో కలుస్తుందని."

"మరి ఇది?" అంటూ భద్రాచలం గీత చూపించింది.

"భద్రాచలం గోదావరి ఒడ్డున ఉందని."

"రెండు గీతలూ ఒకేలా ఉన్నాయి కదా మేడం. చూసేవాళ్లకి ఎలా తెలుస్తుంది?"

తెలియదు. నాకు ముందే తెలుసు కాబట్టి నాకు తెలిసింది, అంతే. ఆ రోజు నుంచి గీతని ఖాళీగా వదలడం మానేశాను. ఈ ఆరేళ్లలో పిల్లలూ నేనూ కలిసి బోలెడు పటాలు గీశాం, అంతకంటే ఎక్కువ చింపాం. ఎలా గీస్తే పని జరుగుతుందో కొంత తెలిసింది. సోషల్ పాఠాలకే కాదు, గ్రూప్స్‌కి చదివేవాళ్లకీ, ఇంట్లో ఏదైనా చిక్కు వ్యవహారం తేల్చుకోవాల్సినవాళ్లకీ పనికొస్తుందని రాస్తున్నాను.

ఇది ఎక్కణ్ణుంచి వచ్చింది

దీని అసలు పేరు కాన్సెప్ట్ మ్యాప్. మా పిల్లలు బాణాల పటం అంటారు, నాకూ అదే బాగుంది. 1972లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో జోసెఫ్ నోవాక్, ఆయన బృందం కలిసి దీన్ని తయారుచేశారు. చిన్నపిల్లలకి సైన్సు ఎలా అర్థమవుతోందో, పెద్దవుతున్నకొద్దీ ఆ అర్థం ఎలా మారుతోందో తెలుసుకోడానికి వాళ్లు ఏళ్ల తరబడి అవే పిల్లల్ని కూర్చోబెట్టి మాట్లాడించారు. ఆ మాటలన్నీ కాగితాల మీదకి ఎక్కించేసరికి గుట్టలు పేరుకున్నాయి. ఏ పిల్లవాడికి ఏం తెలుసో ఆ గుట్టల్లో కనపడలేదు. పిల్లవాడి మాటల్లోంచి ముఖ్యమైన పదాలు తీసి డబ్బాల్లో పెట్టి, ఆ రెండు పదాల్నీ వాడు ఏ మాటతో కలిపాడో ఆ మాటని గీత మీద రాస్తే, అప్పుడు ఒక్క పేజీలో కనపడింది. అంటే ఇది పాఠం అందంగా చూపించడానికి పుట్టిన బొమ్మ కాదు, ఎవరికి ఎంతవరకు తెలుసో బయటపెట్టడానికి పుట్టింది. నేను మేళాకి చేసింది దానికి సరిగ్గా తిరగేసిన పని.

మైండ్ మ్యాప్ వేరు. 1970లలో బ్రిటన్‌కి చెందిన టోనీ బుజాన్ దాన్ని బాగా ప్రచారంలోకి తెచ్చాడు. మధ్యలో ఒక మాట, దాన్నుంచి చెట్టుకొమ్మల్లా మిగతావి. ఓణీల ఫంక్షన్‌కి ఏమేం కావాలో గుర్తుచేసుకోవాలంటే భేషుగ్గా పనిచేస్తుంది. కానీ కొమ్మకీ కాండానికీ మధ్య ఏముందో అందులో చెప్పక్కర్లేదు. తెలియనిదాన్ని కూడా అందంగా గీసెయ్యొచ్చు. కావాలంటే నా స్టీలు బాక్సుని అడగండి.

సరంజామా

చార్టు కొనకండి. కొత్త చార్టు మీద తప్పు రాయడానికి చెయ్యి రాదు, తప్పు రాయకపోతే ఈ పని సాగదు. పాత కేలండరు కాగితం తీసుకుని వెనక వైపు వాడండి. చీటీలకి పెళ్లి శుభలేఖలు కత్తిరించుకోండి. ముహూర్తాల సీజను దాటాక ఏ ఇంట్లో చూసినా ఒక బొత్తి ఉంటుంది. ఆ అట్ట మందంగా ఉంటుంది కాబట్టి ఫ్యాను గాలికి ఎగరదు. పెన్సిలు, రబ్బరు ఉంటే చాలు. స్కెచ్ పెన్నులు బీరువాలో పెట్టి తాళం వెయ్యండి, ముఖ్యంగా ఆడపిల్లల గుంపు అయితే. ముందే రంగులేసుకున్న డబ్బాని చెరపడానికి వాళ్లకి ప్రాణం ఒప్పదు. నాకే ఒప్పలేదు.

ప్రశ్న లేకుండా మొదలుపెట్టొద్దు

"గోదావరి" అనేది ప్రశ్న కాదు. దాని మీద పటం గీస్తే త్ర్యంబకం నుంచి పుష్కరాల దాకా అన్నీ వచ్చి పడతాయి, ఏదీ తీసెయ్యాలనిపించదు. ఏ చీటీ ఉండాలో ఏది ఉండకూడదో తేల్చేది ప్రశ్నే. అందుకని కాగితం పైన ముందు ఒక ప్రశ్న రాయండి. "ఏమిటి" కంటే "ఎలా", "ఎందుకు", "ఎక్కణ్ణుంచి" మంచివి.

మాది కోనసీమ. రావులపాలెం వైపు ఊరు. రెండేళ్ల కిందట సంక్రాంతి సెలవులు అయ్యాక తొమ్మిదో తరగతి కుర్రాడొకడు అడిగాడు. రాజమండ్రి నుంచి బస్సులో వస్తూ జొన్నాడ వంతెన మీంచి చూశాడట, గోదావరి పాయ గౌతమిలో ఎటు చూసినా ఇసుక మేటలే. బడి ముందు కాలువ చూస్తే గట్టు ఒరుసుకుని పారుతోంది. "నదిలో లేని నీళ్లు కాలువలోకి ఎలా వస్తాయి మేడం?"

ఆ ప్రశ్ననే పైన రాయించాను: జనవరిలో గోదావరిలో ఇసుక తేలుతుంటే, మన కాలువలో దాళ్వాకి నీళ్లు ఎక్కణ్ణుంచి వస్తున్నాయి? (సార్వా అంటే వానాకాలం వరి, దాళ్వా అంటే దాని తర్వాత వేసే రెండో పంట. డెల్టా బయటివాళ్ల కోసం చెబుతున్నాను.)

చీటీలు, బస్టాండు

ఇప్పుడు ప్రశ్నకి సంబంధం ఉందనిపించిన ప్రతి పదాన్నీ ఒక్కో చీటీ మీద రాయాలి. చీటీ మీద నామవాచకం మాత్రమే ఉండాలి. "ఆనకట్ట కట్టడం వల్ల పంటలు బాగా పండాయి" అని ఒక్క చీటీలో రాసుకొస్తారు పిల్లలు. అది చీటీ కాదు, పాఠ్యపుస్తకంలో ముక్క. దాన్ని ఆనకట్ట, పంట అని రెండు చీటీలుగా విడగొట్టించండి. మధ్యలో ఉన్న "కట్టడం వల్ల" గీత మీదకి వెళ్తుంది, నిజంగా వాళ్లకి తెలిస్తే.

పదిహేను నుంచి పాతిక చీటీలు చాలు. నలభై దాటితే నేల మీద చోటుండదు, ఓపికా ఉండదు. మాకు ఆ రోజు వచ్చినవి: గోదావరి, గౌతమి, ధవళేశ్వరం ఆనకట్ట, కాటన్, కాలువ, లాకులు (కాలువ నీళ్లని ఆపి వదిలే తలుపులు), లస్కరు (ఆ లాకుల దగ్గర పనిచేసే ఇరిగేషన్ మనిషి), వాన, వరద, ప్రాణహిత, ఇంద్రావతి, శబరి, సీలేరు, సముద్రం, సార్వా, దాళ్వా, వంతులవారీ (కాలువలకి వంతులేసి నీళ్లు వదలడం), కరెంటు, రొయ్యల చెరువు. కరెంటు చీటీ రాసిన అమ్మాయిని చూసి అందరూ నవ్వారు. మాకు మోటార్లు కూడా లేవు, నీళ్లు కాలువలోంచి బోదెలోకి వాటంతట అవే పారతాయి, కరెంటెందుకని.

చీటీల్ని ముందు ఊరికే నేల మీద పరిచి, దేని పక్కన ఏది కూర్చుంటుందో చేత్తో జరుపుతూ చూడాలి. జిరో కవాకిత అనే జపాన్ మానవశాస్త్రవేత్త నేపాల్ కొండల్లో తిరిగి రాసుకొచ్చిన వివరాలని ఇలాగే విడి కార్డుల మీద పెట్టి గుంపులు చేసేవాడు. ఆ పద్ధతికి ఆయన పేరులోని అక్షరాలతోనే కేజే పద్ధతి అని పేరొచ్చింది. ఆయనా ముందే శీర్షికలు పెట్టుకోవద్దన్నాడు, కార్డులు పక్కపక్కన చేరాకే గుంపుకి పేరు పెట్టమన్నాడు. నాకు మాత్రం ఇది మా అమ్మ బియ్యం చేటలో పోసి చెరిగినట్టే అనిపిస్తుంది. ముందు కదపాలి, ఏది ఎటు చేరుతుందో తర్వాత తెలుస్తుంది.

ఎక్కడా ఇమడని చీటీల్ని పారెయ్యొద్దు. కాగితం ఓ మూల చతురస్రం గీసి దానికి బస్టాండు అని పేరు పెట్టాం. చోటు దొరకని చీటీలు అక్కడ వెయిట్ చేస్తాయి. కరెంటు, రొయ్యల చెరువు, సముద్రం మొదటి రోజే బస్టాండులో దిగాయి.

ఇక్కడితో పీరియడు అయిపోవాలి. చీటీలూ గీతలూ ఒకే రోజు చెయ్యకండి. ఒక రాత్రి మధ్యలో ఉంటే పిల్లలు ఇంటికెళ్లి ఎవరినో ఒకరిని అడుగుతారు.

గీత మీద విభక్తి

అసలు పని ఇది. ఇక్కడే నేను ఏడాది పాటు తప్పు చేశాను.

ఇంగ్లీషు నమూనాల్లో ఒక డబ్బా, బాణం మీద క్రియ, ఇంకో డబ్బా ఉంటాయి. ఎడమ నుంచి కుడికి చదువుకుంటూ పోతే వాక్యం అయిపోతుంది, వాళ్ల భాషలో క్రియ మధ్యలోనే వస్తుంది కాబట్టి. నేనూ అలాగే గీయించాను. పిల్లలు చదివితే "సీలేరు కలుస్తుంది శబరి", "కాటన్ కట్టించాడు ఆనకట్ట" అని వచ్చింది. వెనకటి టెలిగ్రాములు అలా ఉండేవి. ఎవరు ఎవరిలో కలుస్తున్నారో తెలియక తరగతిలో సగం మంది శబరినే సీలేరులో కలిపేశారు.

తెలుగులో క్రియ చివర్న వస్తుంది, దాని ముందు విభక్తి వస్తుంది. కాబట్టి గీత మీద ఆ రెండూ కలిపి రాయాలి. చదివేటప్పుడు బాణం తోక దగ్గరి డబ్బా ముందు, మొన దగ్గరి డబ్బా తర్వాత, గీత మీది మాట చివర్న. సీలేరు, శబరి, "లో కలుస్తుంది". కాటన్, ఆనకట్ట, "ని కట్టించాడు". ఆనకట్ట, కాలువ, "లోకి నీళ్లు మళ్లిస్తుంది". సంధులూ మాట చివరి మార్పులూ నోటితో సరిచేసుకోవాలి, కాగితం మీద అక్కర్లేదు. రెండు రోజుల్లో పిల్లలకి అలవాటైపోయింది, నాకు వారం పట్టింది.

ఇలా రాయడం మొదలుపెట్టాక తెలిసిందేమిటంటే, పిల్లవాడికి పాఠం తెలుసో లేదో విభక్తిలోనే దొరికిపోతుంది. లో, లోకి, నుంచి, తో, కోసం, వల్ల, కి. వీటిలో ఏది పెట్టాలో తెలిస్తే ఆ రెండు డబ్బాల మధ్య ఏం జరుగుతోందో తెలిసినట్టే. తెలియనివాడు "సంబంధం ఉంది" అని రాస్తాడు. ఆ మాట మా తరగతిలో నిషేధం. "ముఖ్యమైనది", "ఉపయోగపడుతుంది" కూడా. ఏది దేనికి ఎలా ఉపయోగపడుతుందో రాయమంటే పెన్సిలు కొరుకుతూ కూర్చుంటారు. కూర్చోనివ్వండి. నా లెక్కలో ఆ కొరికే అయిదు నిమిషాలే చదువు.

మా తెలుగు మాస్టారు స్టాఫ్ రూములో "నా డుమువుల్ని మీరు ఎత్తుకుపోయారండీ" అని ఏడిపించేవారు. ఆరో తరగతి నుంచి పిల్లలు "కొఱకున్ కై చతుర్థీ విభక్తి, వలనన్ కంటెన్ పట్టి పంచమీ విభక్తి" అని వల్లిస్తూనే ఉంటారు. చతుర్థికీ పంచమికీ తేడా ఏమిటో వాళ్లకి తెలిసింది మాత్రం సోషల్ పీరియడులో, కరెంటు చీటీ దగ్గర.

రెండో రోజు ఏం జరిగింది

మొదటి బాణాలు సులువుగానే పడ్డాయి. ప్రాణహిత, గోదావరి, "లో కలుస్తుంది". ఇంద్రావతి కూడా అంతే. వాన, ప్రాణహిత, "ని నింపుతుంది". ఆ తర్వాత ఒకడు ఆనకట్ట నుంచి గోదావరికి బాణం వేసి "ని నిల్వ చేస్తుంది" అని రాశాడు. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. నేనూ చెప్పకుండా ఆగాను.

"సరే, నిల్వ చేస్తుంది. మరి లాకుల దగ్గర మీ తాత ఏం చూశాడు?" అని లస్కరు మనవణ్ణి అడిగాను. వాళ్ల తాత ఇరిగేషన్‌లో చేసి రిటైరయ్యాడు. ధవళేశ్వరం ఆనకట్ట కట్టింది నీళ్లు దాచడానికి కాదు, నీటి మట్టం ఎత్తి కాలువల్లోకి మళ్లించడానికి. ఆర్థర్ కాటన్ 1847లో మొదలుపెట్టి 1852కి పూర్తిచేసింది ఆ పని కోసమే. ఇప్పుడున్న బ్యారేజీలో కూడా నిల్వ సుమారు 3 టీఎంసీలే. దాళ్వా మొత్తానికి అది ఏ మూలకీ రాదు. పిల్లవాడు "నిల్వ చేస్తుంది" చెరిపేసి, బాణాన్ని కాలువ వైపు తిప్పి "లోకి మళ్లిస్తుంది" అని రాశాడు. దాంతో ప్రశ్నలో సగానికి జవాబు వచ్చేసింది. జొన్నాడ వంతెన కింద ఇసుక తేలింది ఎందుకంటే, పైన ఆనకట్ట దగ్గరే నీళ్లు కాలువల్లోకి వెళ్లిపోయాయి.

కానీ మిగతా సగం ముడిపడింది. నిల్వ లేకపోతే, వాన కూడా లేకపోతే, జనవరిలో ఆనకట్ట దగ్గరికి మళ్లించడానికి నీళ్లు ఎక్కణ్ణుంచి వచ్చాయి? పటంలో వాన చీటీ నుంచి బయల్దేరిన బాణాలన్నీ సార్వా దగ్గర ఆగిపోయాయి. దాళ్వా చీటీకి పైనుంచి ఒక్క బాణం కూడా రాలేదు. ఒక డబ్బాకి ఏ బాణమూ రాకపోతే అక్కడ మనకి తెలియనిది ఏదో ఉందన్నమాట. నోట్సులో ఈ ఖాళీ కనపడదు, వరసగా రాసుకుపోతాం కాబట్టి. పటంలో కంట్లో పొడుస్తుంది.

లస్కరు మనవడు సాయంత్రం ఇంటికెళ్లి తాతని అడిగొచ్చాడు. మర్నాడు ప్రేయరు కూడా కాకుండానే చెప్పాడు: "సీలేరులో కరెంటు తీస్తేనే మన చేలో నీళ్లంట మేడం."

బస్టాండులో కూర్చున్న కరెంటు చీటీకి అప్పుడు టికెట్టు దొరికింది. ఒడిశా సరిహద్దులో మాచ్‌ఖండ్ పేరుతో వచ్చే నది కిందికి వచ్చేసరికి సీలేరు అవుతుంది. దాని మీద ఎగువ సీలేరు, డొంకరాయి, దిగువ సీలేరు జలవిద్యుత్ కేంద్రాలున్నాయి. వానాకాలంలో జలాశయాల్లో పట్టిన నీళ్లని ఏడాది పొడుగునా టర్బైన్ల మీదికి వదులుతారు. టర్బైను తిప్పేసిన నీళ్లు సీలేరులోంచి మోటు దగ్గర శబరిలోకి, శబరిలోంచి కూనవరం దగ్గర గోదావరిలోకి, అక్కణ్ణుంచి ధవళేశ్వరానికి వస్తాయి. వేసవి ముంగిట గోదావరి సహజ ప్రవాహం పడిపోయినప్పుడు డెల్టా దాళ్వాకి పెద్ద ఆసరా ఈ నీళ్లే. ఎద్దడి ఏడాదిలో సీలేరు నుంచి ఇంకాస్త వదలమని అడగడం, కాలువలకి వంతులవారీ పెట్టడం అందుకే.

ఇప్పుడు కరెంటుకీ దాళ్వాకీ మధ్య బాణం వెయ్యాలి. నవ్వు తిన్న అమ్మాయికే పెన్సిలు ఇచ్చాను. కరెంటు డబ్బా దగ్గర మొదలుపెట్టి దాళ్వా దాకా గీసి, దాని మీద "కోసం తీస్తారు" అని రాసింది. చదవండి అన్నాను. "కరెంటు, దాళ్వా కోసం తీస్తారు." వెనక బెంచీలోంచి ఎవరో "కాదు, కరెంటు కరెంటు కోసమే తీస్తారు" అన్నారు. నిజమే. కరెంటు తీసేవాళ్లకి మా దాళ్వా గుర్తుండక్కర్లేదు. రెండో ప్రయత్నంలో "కి కరెంటు వల్ల నీళ్లు వస్తాయి" అని రాసింది. మూడో ప్రయత్నంలో మధ్యలో ఇంకో చీటీ కావాలంది: టర్బైను వదిలిన నీళ్లు. దాంతో రెండు చిన్న బాణాలయ్యాయి. సీలేరు నీళ్లు, కరెంటు, "కోసం వదులుతారు". వదిలిన నీళ్లు, దాళ్వా, "కి అందుతాయి". అవే నీళ్లు వదిలింది కరెంటు కోసం, అది చతుర్థి. దాళ్వాకి అందింది అలా వదలడం వల్ల, అది పంచమి. ఒకటి ఎవరో అనుకుని చేసిన పని, ఇంకొకటి దాని వల్ల జరిగిపోయింది. నేను చరిత్ర పాఠాల్లో ఉద్దేశం, ఫలితం అని రెండు మాటలు చెప్పి చెప్పి అలిసిపోయాను. ఆ అమ్మాయి రెండు విభక్తుల్లో తేల్చేసింది.

ఇలా పటంలో ఒక మూల నుంచి ఇంకో మూలకి వెళ్లే బాణాల్ని నోవాక్ ప్రత్యేకంగా చూడమంటాడు, అడ్డ బాణాలు అందాం. ఉపనదుల కింద ఉపనదులు, పంటల కింద పంటలు పెట్టడం ఎవరైనా చేస్తారు. కరెంటు నుంచి వరికి బాణం వెయ్యడానికి రెండు పాఠాలూ తెలిసుండాలి.

అడ్డ బాణాలతో ఒక ఇబ్బంది ఉంది, గీతలు ఒకదాన్నొకటి కోసుకుంటాయి. మా పిల్లల ఉపాయం చెబుతాను. పి.గన్నవరంలో కాలువ వైనతేయ మీంచి అక్విడక్టులో దాటుతుంది, కింద నది, పైన కాలువ, దేని దారి దానిది. అలాగే గీత మీంచి గీత వెళ్లాల్సిన చోట చిన్న వంపు పెట్టి దాటిస్తారు. "ఇక్కడ అక్విడక్టు కట్టు రా" అంటారు. అక్విడక్టులు నాలుగు దాటితే మాత్రం చీటీల్ని జరిపి మళ్లీ గీయించడం మేలు.

పైన పెద్ద భావన, కింద చిన్నవి ఉండాలని పుస్తకాల్లో ఒక నియమం ఉంది. సైన్సుకి బాగుంటుంది. నది పాఠానికి నేను పట్టించుకోలేదు. మా పటంలో పైన ఎగువ, కింద దిగువ, నీళ్లు పారినట్టే బాణాలు దిగాయి.

ఇంట్లో ఒకసారి

మా నాన్నగారు పోయాక అమ్మకి ఫ్యామిలీ పెన్షన్ పెట్టించాల్సి వచ్చింది. ఒక ఆఫీసులో పెన్షన్ కాగితాల్లో పేరూ ఆధార్‌లో పేరూ ఒకటిగా లేవన్నారు, సరిచేయించుకు రమ్మన్నారు. ఆధార్ దగ్గరికి వెళ్తే సరైన పేరున్న రుజువు తెమ్మన్నారు. పెన్షన్ కాగితం చూపిస్తే ఇది పనికిరాదన్నారు. మూడు వారాలు తిరిగాక, ఒక రాత్రి టెన్షన్‌తో నిద్రపట్టక లేచి కేలండరు వెనక చీటీలు పరిచాను. ప్రశ్న: అమ్మ పెన్షన్‌కి మొట్టమొదట చేతిలో ఉండాల్సిన కాగితం ఏది? అన్ని గీతల మీదా ఒకటే మాట: "లేకుండా ఇవ్వరు".

బాణాలు రెండు చీటీల మధ్య గుండ్రంగా తిరుగుతున్నాయి. అది లేకుండా ఇది ఇవ్వరు, ఇది లేకుండా అది ఇవ్వరు. ఆఫీసుల్లో అయిదు నిమిషాల చొప్పున మాట్లాడుతుంటే ఈ గుండ్రం నాకు కనపడలేదు, ప్రతివాళ్లూ నన్ను రెండో కౌంటరుకి పంపుతున్నట్టు మాత్రమే అనిపించింది. ఇలాంటి గుండ్రం కనపడితే లోపల వెతక్కండి, బయటినుంచి వచ్చి దాన్ని తెంపే చీటీ ఏదైనా ఉందేమో చూడండి. మాకు అమ్మ ఓటరు కార్డు దొరికింది. అందులో స్పెల్లింగు పెన్షన్ కాగితాల్లో ఉన్నట్టే ఉంది. పాత ట్రంకు పెట్టెలో పట్టుచీర మడతలో ఉంది, అది వేరే కథ.

పరీక్షలో వస్తుందా?

పేరెంట్స్ మీటింగులో ప్రతిసారీ అడుగుతారు. పటం రాదు, పటంలోంచి జవాబు వస్తుంది. వ్యాసరూప ప్రశ్నకి పటం చూసుకుని రాసే పద్ధతి ఇది: ఒక్కో బాణం ఒక్కో వాక్యం. ఒకే డబ్బా నుంచి బయల్దేరిన బాణాలన్నీ ఒక పేరా. అడ్డ బాణం దగ్గర "కాబట్టి" అనో "అయితే" అనో మొదలుపెట్టాలి. వాక్యం విభక్తితో సహా గీత మీద తయారుగా ఉంది కాబట్టి రాయడానికి తడుముకోరు. బిట్లకి మాత్రం ఇది పెద్దగా అక్కరకు రాదు, వాటికి గైడే గతి.

గ్రూప్స్‌కి చదివే మా తమ్ముడికి నేర్పితే వాడు ఫోన్లో యాప్ వెతికాడు. కంప్యూటరు మీద చేసుకోవాలంటే ఫ్లోరిడాలోని ఐహెచ్‌ఎంసీ సంస్థ వాళ్ల సీమ్యాప్‌టూల్స్ ఉంది, ఉచితం, నోవాక్ కూడా ఆ సంస్థలో పనిచేశాడు. నేను కాగితం వదలను. స్క్రీన్ మీద డబ్బా జరపడం మరీ సులువు, జరిపే ముందు ఆలోచించం.

ఒక్క జాగ్రత్త. పూర్తయిన పటాన్ని మీరు గీసి పిల్లలకి జిరాక్సు ఇవ్వొద్దు. నేను ఒక ఏడాది సిలబస్ తరుముతుంటే ఇచ్చాను. వాళ్లు దాన్ని బట్టీ పట్టారు, బాణాలతో సహా. ఇవ్వక తప్పదనుకుంటే డబ్బాలు ఉంచి గీతల మీది మాటలు చెరిపి ఇవ్వండి.

పటం చింపేసే ముందు బస్టాండులో మిగిలిన చీటీల్ని ఒక కవరులో వేసి, పైన తేదీ, ప్రశ్న రాసి పెట్టుకోండి. మళ్లీ ఎప్పుడైనా అదే పాఠానికి వచ్చినప్పుడు కొత్త చీటీలతో కాకుండా ఆ కవరుతో మొదలుపెట్టండి. మా గోదావరి కవరు నా టేబులు సొరుగులో ఉంది. అందులో ఇప్పుడు మూడు చీటీలున్నాయి: సముద్రం, రొయ్యల చెరువు, ఆ తర్వాత ఎవరో రాసి పడేసిన పోలవరం.